మీగడ లేని కూర

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం చెల్లెలి కూతురు భోజనానికి వచ్చింది. పాలలోని మాంసకృత్తులు దానికి పడవని డాక్టరు తేల్చి రెండు నెలలైంది. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోవడం వేరు, ఈ అలర్జీ వేరు. లాక్టోజ్ ఒక్కటే పడనివాళ్లకు సాధారణంగా కాస్త నెయ్యి తిన్నా ఇబ్బంది ఉండదు. దీనికి మాత్రం నెయ్యిలో మిగిలే కొద్దిపాటి మాంసకృత్తు కూడా ప్రమాదమే. పోయినసారి వచ్చినప్పుడు విడిగా ఒక చిన్న గిన్నెలో చప్పటి కూర చేసిపెట్టాను. మారుమాట లేకుండా తినేసింది కానీ చూపంతా మా గిన్నె మీదే. ఆ చూపు ఇన్నాళ్లూ నన్ను వదల్లేదు. అందుకే ఈసారి అందరికీ ఒకటే కూర, కారంగా, చిక్కగా చేయాలనుకున్నాను.

పొద్దున కొబ్బరిపాల పొడి ప్యాకెట్టు తీసి, అలవాటు లేకపోయినా వెనకవైపు చదివాను. సోడియం కేసినేట్ అని ఉంది. అంటే పాల మాంసకృత్తే! కొబ్బరి పేరుతో ఉన్న ప్యాకెట్టులో పాలు దాగి ఉంటాయని ఎవరు అనుకుంటారు? చేతులు చల్లబడ్డాయి. దాన్ని పక్కన పడేసి, కొబ్బరికాయ కొట్టి తురిమి, పాలు నేనే తీశాను.

సోయా పాలతో పోయిన వారమే ఒకసారి ప్రయత్నించాను. టమాటా పులుపు తగలగానే విరిగి ముక్కలు ముక్కలైంది. ఈ రోజు జీడిపప్పు ఎంచుకున్నాను (పిల్లకు గింజలు, పప్పులు పడతాయి, పడకపోతే పుచ్చగింజలు నానబెట్టేదాన్ని). వేడినీళ్లలో అరగంట నానబెట్టి రుబ్బాను. మొదటిసారి నాలుకకు రవ్వలా తగిలింది, మళ్లీ మెత్తగా రుబ్బాను. పుట్టగొడుగులు, బఠాణీ ఉడికాక ఆ ముద్ద కలిపితే నిమిషాల్లో దగ్గరపడింది. జీడిపప్పులో పిండిపదార్థం ఉంటుంది కదా, వేడికి బిగుస్తుంది. అడుగంటకుండా వేడినీళ్లు పోస్తూ తిప్పుతూనే ఉన్నాను.

చిక్కదనం వచ్చింది కానీ రుచి చూస్తే కారం గొంతుకు పట్టుకుంది. మీగడ వేసిన రోజుల్లో ఇవే మిరపకాయలు ఇంత మండేవి కావు. మిరపకు కారాన్నిచ్చే కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. పైగా పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు దాన్ని పట్టి నాలుక మీద నుంచి తీసేస్తుంది. మీగడ కూరను చిక్కబరచడమే కాదు, కారాన్ని కూడా మోస్తూ వచ్చిందన్నమాట. కేసిన్ చేసే పని కొబ్బరి చేయలేదు, కానీ కొవ్వు ఇవ్వగలదు. మంట బాగా తగ్గించి మొదటి పాలు పోశాను. పెద్ద మంట మీద తెర్లనిస్తే అవి విరిగిపోతాయి. ఘాటు కొంత మెత్తబడింది. ఇంకా ఏదో వెలితి. కాసేపు ఆలోచిస్తే తట్టింది, పెరుగు ఇచ్చే పులుపు లేదు. దించాక నిమ్మరసం పిండాను. అప్పుడు కుదిరింది. నిజంగా కుదిరింది.

"పెద్దమ్మా, ఇది అందరిదీనా?" అని అడిగింది, గరిట పట్టుకుని.

"అందరిదీనే, నువ్వే ముందు వడ్డించుకో" అన్నాను.

రెండోసారి కూడా వేసుకుంది. ముక్కు తుడుచుకుంటూ, కళ్లలో నీళ్లతో, నవ్వుతూ తిన్నది. వాళ్లమ్మ తల తిప్పుకుని చాలాసేపు కిటికీ వైపు చూసింది. నేనూ ఏమీ మాట్లాడలేదు.

మిగిలిన కూర డబ్బాలో పెట్టాను. రేపటికి ఇంకా గట్టిపడుతుంది, వేడిచేసేటప్పుడు కాసిన్ని నీళ్లు కలపాలి. మూత మీద కాగితం అంటించి "పాలు లేవు, జీడిపప్పు ఉంది" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆ పొడి ప్యాకెట్టు పొరపాటున కూడా చేతికి తగలకుండా పై అరలో పెట్టేశాను.