పై వచనం చదివావా?

పూర్వ విద్యార్థులమైన మనం చదివిన మిషన్ హైస్కూల్లో బైబిలు కంఠత వాక్యాల పోటీ పెట్టి ప్రైజులిచ్చేవాళ్లు, గుర్తుందా? తడుముకోకుండా ఎక్కువ వచనాలు అప్పజెప్పినవాడికి స్టీలు గ్లాసో, సబ్బుపెట్టో. ఆదివారం ప్రైజు కొట్టినవాడికి సోమవారం మొదటి పీరియడ్‌లో చుక్కలు కనపడేవి. మనకు బైబిలు పాఠాలు చెప్పే స్క్రిప్చర్ మాస్టారు వచనమంతా ఓపిగ్గా విని, "బాగా చెప్పావురా. పై వచనం ఏంటి?" అనేవారు. తెలీదు సార్. "పోనీ, కిందిది?" అదీ తెలీదు. "ఎవరు ఎవరితో అన్నారా మాట?" ఇక మనవాడు చూరు వైపు చూసేవాడు.

వచనాలు నోటికి రావడమే గొప్పయితే సాతానుకే మొదటి ప్రైజు ఇవ్వాలని ఆయన అంటుండేవారు. నిజమే మరి. మత్తయి నాలుగో అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, 91వ కీర్తనలోని మాటలు అప్పజెప్పి, దూకమన్నది వాడే. మన ఇళ్లలో సగం గుమ్మాల మీద ఉండేది ఆ కీర్తనే.

ఆయన బైబిలుకి సిమెంటు సంచి కాగితంతో అట్ట ఉండేది. గుర్తుల కోసం పేజీల మధ్య ఆర్టీసీ టికెట్లు. ఒక్క వచనం కింద కూడా గీత గీసేవారు కాదు. ఎక్కడ మాట మొదలైందో అక్కడొక బ్రాకెట్టు, ఎక్కడ అయిపోయిందో అక్కడొక బ్రాకెట్టు, అంతే. ఆయన నేర్పిన పద్ధతంతా ఆ రెండు బ్రాకెట్లలోనే ఉందని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు.

ఉదాహరణకు యిర్మీయా 29:11 తీసుకోండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటగానే, బైబిలు వచనాలు రాసిన కార్డులతో వాగ్దానాల ట్రే తిరుగుతుంది కదా, అందులో ఎవరు చెయ్యి పెట్టినా ఆ వచనమే తగులుతుందేమో అనిపిస్తుంది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." డల్లాస్‌లో ఉన్న మన బ్యాచ్ మిత్రుడు ఏటా జనవరి ఒకటిన అదే పెడతాడు గ్రూపులో, గులాబీ పువ్వు బొమ్మతో. గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాడి టెన్షన్ వాడిది. కాదనను. కానీ మాస్టారు ఆ అధ్యాయాన్ని మాతో మొదటి నుంచి చదివించారు. అదొక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా ప్రవక్త బబులోనుకు రాసి పంపింది. అందులో ఏముంది? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. ఆ తర్వాత, సరిగ్గా మన వాగ్దానం పై వచనంలో, డెబ్బై ఏళ్లు అని గడువు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు దాదాపు ఎవరూ తిరిగి ఊరు చూడరు.

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. బబులోనుకు లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడి విరగ్గొట్టి, రెండేళ్లలో అందరూ వెనక్కొచ్చేస్తారని చెప్పాడు. "జనం ఎవరి కూడికకు పోయి ఉంటార్రా?" అని అడిగారు మాస్టారు. క్లాసంతా ఒకే మాట. హనన్యా కూడికకే.

ఇదంతా నేను ఫోన్లో చెబితే డల్లాస్ వాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే ఇల్లు కొనుక్కోమంటావా?" అన్నాడు. ఏమో, కొనుక్కోమనే అనుకుంటా. వీసా తేలేదాకా దేనిలోనూ వేలు పెట్టకూడదని కూర్చున్నవాడు ఇప్పుడు వాళ్ల పిల్లల స్కూలు మీటింగులకు వెళ్తున్నాడు, శనివారాలు ఫుడ్ బ్యాంకులో బియ్యం సంచులు మోస్తున్నాడు. వాగ్దానపు కార్డుల మీద నాకేం కోపం లేదు. మా అమ్మ బైబిల్లో ఏళ్ల తరబడి కార్డులు పోగుపడి ఉన్నాయి, ఒక్కటీ పారేయనివ్వదు.

క్లౌ దొర కథ అందరికీ తెలిసిందే కాబట్టి ఒక ముక్కలో చెబుతా. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పని అయిపోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో అందరూ ఆ అంకె దగ్గర "హల్లెలూయ" అంటారు. మాస్టారు మాత్రం బాప్తిస్మాలు ఆపిన నెలల గురించే మాట్లాడేవారు. యోహాను సువార్త ఆరో అధ్యాయం తీయమని, రొట్టెలు తిని తృప్తిపడ్డారు గనుక నన్ను వెతుకుతున్నారని యేసు జనంతో అన్న చోటు చూపించేవారు. రొట్టెలు పెట్టడం మానలేదు, వచ్చిన జనాన్ని చూసి మురిసిపోనూ లేదు. ఈ రోజుల్లో బియ్యం బస్తా పక్కన నిలబడి ఫోటో దిగే సంఘాలకు ఆ అధ్యాయం చదివి వినిపించాలని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇక, మనలో చాలామంది ఈ పూర్వ విద్యార్థుల సంచికలో రాయకుండా వదిలేసే సంగతి. మన క్లాసులో రెండు పేర్లున్న వాళ్లు ఎంతమంది! అటెండెన్స్ రిజిస్టర్లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట దాదాపు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లింలను కలపలేదు. మన దగ్గర క్రైస్తవులైన దళితులు వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు (బీసీ-సీ), రిజర్వేషన్ ఒక్క శాతం. హాస్టల్ సీటూ స్కాలర్‌షిప్పూ ఆ కాగితం మీదే నడుస్తాయి.

ఒకరోజు వెనక బెంచీవాడు లేచి అడిగేశాడు. "సార్, సర్టిఫికెట్లో హిందూ అని రాయించుకుంటే అబద్ధమాడినట్టేనా?" క్లాసు గప్‌చుప్. మాస్టారికి కోపం వస్తుందనుకున్నాం. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, "నిర్గమకాండం ఒకటో అధ్యాయం తీయండి" అన్నారు. హెబ్రీయుల మగబిడ్డల్ని చంపమన్న ఐగుప్తు రాజు ఫరోకు మంత్రసానులు అబద్ధం చెప్పారు, దేవుడు వాళ్లకు మేలు చేశాడు. ఆ వెంటనే అపొస్తలుల కార్యాలు ఐదు తీయించారు. పొలం అమ్మిన డబ్బు దగ్గర అబద్ధమాడిన అననీయ, సప్పీరా అక్కడికక్కడే పడి చచ్చారు. "రెండూ ఇందులోనే ఉన్నాయి. ఒకటి చదివి రెండోది దాచిపెట్టొద్దు."

తర్వాత దానియేలు. బబులోను కొలువులో దానియేలుకు బెల్తెషాజరు అని పేరు మార్చారు, అతని స్నేహితులు హనన్యా (ఇందాకటి ప్రవక్త కాదు), మిషాయేలు, అజర్యాలు షద్రకు, మేషాకు, అబేద్నెగో అయ్యారు. పేర్ల దగ్గర వాళ్లు పోట్లాడినట్టు గ్రంథంలో లేదు. రాజు భోజనం దగ్గర దానియేలు ఒప్పుకోలేదు, బంగారు ప్రతిమ దగ్గర ఆ ముగ్గురూ అగ్నిగుండానికైనా సిద్ధపడ్డారు. "కానీ సార్, వాళ్లు ఆ పేరు అడిగి పెట్టించుకోలేదు కదా" అన్నాడు వెనక బెంచీవాడే. మాస్టారు కాసేపు ఆగి, "అవునురా, ఆ తేడా ఉంది" అన్నారు. అలా ఒప్పుకున్న టీచరును నేను మళ్లీ చూడలేదు.

ఆయన తీర్పు చెప్పలేదు. బల్ల మీది సుద్దముక్క మళ్లీ తీసుకుంటూ, "మతం మారితే కులం పోయిందన్నారు. ఊరి బావి దగ్గర పోలేదు, శ్మశానం దగ్గర పోలేదు, కాగితం మీద మాత్రం పోయింది. వాడు అబద్ధమాడాడా అని అడిగే ముందు, వాడి చేత ఆడించినదేంటో కూడా అడగాలి" అన్నారు. 2022లో కేంద్రం ఈ విషయం మీద జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసినప్పుడు, టీవీ చర్చల్లో అరుచుకుంటున్న వాళ్లను చూస్తే నాకా పీరియడే గుర్తొచ్చింది. ఆ వెనక బెంచీవాడు ఇప్పుడు లాయరు. రెండు పేర్లూ ఉంచుకున్నాడు.

నా సంగతికొస్తే, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీలో ఫోన్లో అప్పులిచ్చే యాప్ మీద పనిచేశాను. యాప్ వేసుకున్నవాడి ఫోన్లోని కాంటాక్టులన్నీ లాగేసుకోవాలి, వాయిదా తప్పితే అత్తగారికీ ఆఫీసువాళ్లకూ ఫోన్లు చేయడానికి. 2020 చివర్లో ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు, పేపర్లలో మీరూ చదివే ఉంటారు. మీటింగులో అభ్యంతరం చెబితే, "వాడే కదండీ అలో (Allow) నొక్కింది" అన్నారు.

ఆ రాత్రి ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీశాను. యాప్‌ల గురించి అందులో ఏముంటుంది? ఉంది. పొరుగువాడికి అప్పిస్తే తాకట్టు వస్తువు కోసం వాడి ఇంట్లోకి వెళ్లకూడదు. బయట నిలబడాలి. వాడే లోపలికెళ్లి తెచ్చిస్తాడు. తిరగటి రాయి తాకట్టు పట్టకూడదు, అది వాడి బతుకుతెరువు. బీదవాడైతే వాడు కప్పుకునే దుప్పటి పొద్దుగూకేలోపు తిరిగిచ్చేయాలి. అప్పు ఇవ్వొద్దని లేదు, వసూలు చేసుకోవద్దనీ లేదు. గడప దాటకూడదు, అంతే. ఫోన్ కూడా ఇప్పుడొక ఇల్లే కదా. దానికి రెండధ్యాయాల ముందు, 22:8లో, కొత్త ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టకపోతే, పడి చచ్చినవాడి దోషం ఇంటివాడిదేనని ఉంది. పడ్డవాడు చూసుకోవద్దా అనే ప్రశ్న మోషే వేయలేదు. "వాడే అలో నొక్కాడు" అన్నదానికి నాకు దొరికిన జవాబు అది.

మర్నాడు ఆఫీసులో నేను వచనం చదవలేదు, చదివితే నవ్వేవాళ్లు. గడప సంగతి మాత్రం మామూలు మాటల్లో చెప్పాను. నా మాట విని ఆపారా అంటే, లేదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కాంటాక్టులు, కాల్ లాగ్‌ల జోలికి పోవద్దని మార్గదర్శకాలు ఇచ్చాక ఆపారు. నేను అప్పటికే వేరే టీముకి మారిపోయాను.

కరోనా టీకాను ప్రకటన గ్రంథంలో దేవుడి శత్రువైన మృగం వేసే ముద్ర అని మన సంఘాల్లోనే కొందరు ప్రచారం చేసినప్పుడు మా పెద్దమ్మకు నేను చెప్పింది హిజ్కియా సంగతి. జబ్బుతో చావుకు దగ్గరపడ్డ ఆ యూదా రాజు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు. అంతా అయ్యాక కూడా యెషయా ప్రవక్త, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద పెట్టమన్నాడు. పెద్దమ్మ మారు మాట్లాడకుండా వచ్చి టీకా వేయించుకుంది. అన్నీ ఇంత తేలిగ్గా తెగవు లెండి.

ఈ మధ్య మా యూత్ కూడికలో ఒకమ్మాయి అడిగింది, పాస్టరు అయ్యగారు ప్రసంగం చాట్‌జీపీటీతో రాయించుకుంటే తప్పా అని. (యూట్యూబులో ఎవరిదో విని మక్కీకి మక్కీ దించేయడం ఎప్పటి నుంచో ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు.) బెరయ ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటనే రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు, మనం ఎవరి ప్రసంగమైనా సరిచూస్తున్నామా అని అడిగాను. ఆ పిల్లకు జవాబు నచ్చలేదు. "అది వినేవాళ్ల సంగతి అంకుల్, నేనడిగింది చెప్పేవాళ్ల సంగతి" అంది. మాస్టారు ఉంటే ఆ పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు.

ఇప్పుడు మన ముందే ఒకటి ఉంది. మెయిన్ రోడ్డు వైపు బడి స్థలంలో షాపులు కట్టి లీజుకిస్తే హాస్టల్ ఖర్చు గడుస్తుందని ఒక ప్రతిపాదన, ఈ పూర్వ విద్యార్థుల సమావేశంలోనే చర్చకు వస్తుంది. గ్రూపులో అప్పుడే "నాబోతు ద్రాక్షతోట" అంటూ మెసేజీలు మొదలయ్యాయి. అహాబు రాజు తోట అడిగాడు, పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు నాబోతు, ప్రాణం పోయింది. సరే. కానీ తొలి సంఘంలో బర్నబా తన భూమి అమ్మి డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు, ఆయన్నీ మెచ్చుకున్నది ఇదే గ్రంథం. లేవీయకాండం 25 ఇంకాస్త దగ్గరగా ఉంది. భూమిని శాశ్వతంగా అమ్మకూడదు, భూమి తిరిగి సొంతదారుకు చేరే సునాద సంవత్సరం (యాభయ్యో ఏడు) వచ్చేదాకా ఎన్ని పంటలు మిగిలాయో లెక్కగట్టి దానికే వెల కట్టాలి. అంటే అక్కడ బేరమంతా ఏళ్ల మీదే. కమిటీవాళ్లు పంపిన కాగితం రెండుసార్లు చదివాను. షాపులెన్నో ఉంది, అద్దె ఎంతో ఉంది, లీజు ఎన్నేళ్లకో మాత్రం లేదు. ఓటుకు చేతులెత్తే ముందు నేను అడగబోయేది అదే.