పేరు తెలుగు, ఆట పరాయి ఊళ్ళో

గత కొన్నేళ్ళలో మన పేరు పెట్టుకుని వచ్చిన జట్లను ఒకసారి వరుసగా చూడండి. 2022లో మొదలైన అల్టిమేట్ ఖోఖో లీగులో తెలుగు యోధాస్ తొలి సీజన్ మొత్తం పుణెలో ఆడింది. రెండో సీజన్ కటక్‌లో జరిగింది. 2023లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగు వచ్చినప్పుడు తెలుగు టాలన్స్ ఆట జైపూర్‌లోనే మొదలై జైపూర్‌లోనే ముగిసింది. హాకీ ఇండియా లీగులో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్ళి 2025 ఫిబ్రవరి 1న 4-3 తేడాతో ఓడిపోయింది. ఆ పోరు జరిగింది రూర్కెలాలో. అదే ఏడాది జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగు ముంబైలో జరిగింది కాబట్టి హైదరాబాద్ హీరోస్ ఆటను హైదరాబాదులో చూసినవారెవరూ లేరు.

ఇవన్నీ మన జట్లేనని ప్రకటనలు చెబుతాయి. అయితే చొక్కా మీద ఊరి పేరు అచ్చు వేసినంత మాత్రాన ఊరు దాన్ని సొంతం చేసుకోదు. పెద్దగా ప్రచారం లేని ఆటకు స్థానికంగా ఒక గుర్తింపు రావాలంటే మొట్టమొదట కావలసింది జనం వెళ్ళి కూర్చుని అరవగలిగే ఒక మైదానం. లోగో, పాట, సినీతారలు దాని తరువాతి సంగతులు.

లీగును ఒకే ఊళ్ళో పెట్టడానికి కారణాలు లేకపోలేదు. మ్యాట్లు, దీపాలు, కెమెరాలు, ప్రసార సిబ్బంది, ఆరేడు జట్ల బస, ఇవన్నీ ఊరూరా తిప్పితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆదాయం చూస్తే ఎక్కువ భాగం టికెట్ల నుంచి కాక టీవీ నుంచి, స్పాన్సర్ల నుంచి వస్తుంది. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. అర్థం కానిది మరొకటి: సీజన్ మూడు వారాల్లో ముగిశాక మిగిలిన పదకొండు నెలలు ఆ జట్టు ఎక్కడ ఉంటుంది? 2022 ఫైనల్లో యోధాస్ ఒడిశా జగర్నాట్స్ చేతిలో 46-45తో, అంటే ఒకే ఒక్క పాయింటుతో, కప్పు పోగొట్టుకుంది. క్రికెట్‌లో అలా ఓడిపోతే నెల రోజులపాటు టీ కొట్ల దగ్గర పంచాయితీ నడిచేది. ఆ జట్టు యాజమాన్యం జీఎంఆర్ సంస్థది, దాని మూలాలు ఉత్తరాంధ్రలోని రాజాంలో ఉన్నాయి. ఓడిన ఆటగాళ్ళను రాజాం తీసుకువచ్చి బడిపిల్లలతో ఒక పూట ఖోఖో ఆడించి ఉంటే, ఆ ఒక్క పాయింటు కథ ఉత్తరాంధ్ర ఊళ్ళలో చాలాకాలం చెప్పుకునేవారు. యోధాస్‌కు నాయకత్వం వహించిన ప్రతీక్ వాయ్‌కర్ 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఉండి కప్పు గెలిపించాడు. ఆ జట్టులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి కూడా ఉన్నాడు. ఈ రెండు పేర్లూ విన్న తెలుగువారు నా పరిచయస్తుల్లో బహు తక్కువ.

ఈ విషయంలో కొంత పాఠం నేర్పగలిగినది తెలుగు టైటాన్స్. 2014లో ప్రో కబడ్డీ ప్రారంభమైనప్పుడు ఆ జట్టు విశాఖపట్నం గడ్డ మీద మొదలైంది. తొలి ఆరు సీజన్లూ దాని ముఖం రాహుల్ చౌదరి. అతను ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ వాడు, తెలుగు అతని భాష కాదు. అయినా కబడ్డీ చూసే తెలుగు ఇళ్ళలో రాహుల్ అంటే మనవాడే, ఎందుకంటే ఏటేటా అదే చొక్కాతో అతనే కూతకు వెళ్ళాడు. స్థానికత అంటే పుట్టిన ఊరు మాత్రమే కాదని, ఒకచోట నిలిచి ఉండటం కూడా అని నేను అనుకోవడానికి కారణం ఇదే. వేలం పాటలో ప్రతి సంవత్సరం సగం జట్టు మారిపోతుంటే అభిమాని ఎవరి పేరు గుర్తుపెట్టుకోవాలి? 2023లో కూతకు పేరుపొందిన పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్నది. ధర వార్త అయింది, రెండు సీజన్ల తరువాత అతనూ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు.

గెలుపోటముల మాట కూడా చెప్పుకోవాలి. ఎనిమిదో సీజన్ నుంచి పదో సీజన్ దాకా టైటాన్స్ వరుసగా మూడుసార్లు అట్టడుగున నిలిచింది. ఆ మూడు సీజన్ల అరవై ఆరు మ్యాచ్‌లలో గెలిచినవి అయిదు. మామూలు లెక్క ప్రకారం అభిమానులు మిగలకూడదు. కానీ 2024 అక్టోబరు 18న పదకొండో సీజన్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మొదలై, తొలి మ్యాచ్‌లోనే టైటాన్స్ బెంగళూరు బుల్స్‌ను ఓడించినప్పుడు, మూడేళ్ళుగా ఓడుతున్న జట్టును చూడటానికి వచ్చిన ఉత్సాహం ఏమిటో బాగా తెలిసింది. 2025 ఆగస్టులో కొత్త సీజన్ ఏడేళ్ళ విరామం తరువాత విశాఖ నుంచి మొదలైంది. ఏడేళ్ళంటే, అంతకుముందు విశాఖలో చూసినప్పుడు అయిదో తరగతిలో ఉన్న పిల్లవాడు అప్పటికి ఇంటర్మీడియట్‌కు వచ్చి ఉంటాడు. విశాఖదా, హైదరాబాదుదా అన్నది తేల్చుకోకుండా రెండింటి మధ్యా ఊగిసలాడటం వల్ల ఆ జట్టు చాలా పోగొట్టుకుందని నా అభిప్రాయం. రెండు రాష్ట్రాలకూ కలిపి ‘తెలుగు’ అని పేరు పెట్టుకోవచ్చు, ఇల్లు మాత్రం ఒక్క ఊళ్ళోనే ఉండాలి.

వాలీబాల్ పరిస్థితి వేరు. ప్రైమ్ వాలీబాల్ లీగు తొలి సీజన్ 2022లో కోవిడ్ కారణంగా కొచ్చి నుంచి గచ్చిబౌలికి మారింది కాబట్టి హైదరాబాద్ బ్లాక్ హాక్స్‌కు అనుకోకుండానే సొంత గడ్డ దొరికింది. తరువాత నటుడు విజయ్ దేవరకొండ సహ యజమానిగా చేరారు. తార వచ్చిన రోజు గ్యాలరీ నిండుతుంది. అయితే ఆ జనం చూపు కోర్టు మీద కంటే తార కూర్చున్న కుర్చీ మీదే ఎక్కువగా ఉంటుంది. ఆ జట్టు వాడుకోదగ్గ కథ ఇంతకంటే దగ్గరలోనే ఉంది. పి.వి. సింధు పేరు తెలియని తెలుగువారు లేరు. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులని, తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడని, 2000లో అర్జున పురస్కారం పొందారని తెలిసినవారు ఎంతమంది? ఆ తరం ఆటగాళ్ళను మైదానంలోకి పిలిచి, ఇప్పటి కుర్రవాళ్ళకు వారి చేత చొక్కాలు ఇప్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

నిజానికి ఈ విద్య మన పల్లెలకు కొత్త కాదు. సంక్రాంతికి కోస్తా ఊళ్ళలో జరిగే వాలీబాల్, కబడ్డీ పోటీలను చూసినవారికి తెలుసు. మొదటి బహుమతి ఫలానా వారి జ్ఞాపకార్థం ఫలానా వారు ఇస్తున్నారని మైకులో పదేపదే చెబుతారు. సర్వీసుకు వచ్చిన ప్రతి కుర్రవాడి ఊరు పేరు, తండ్రి పేరు కూడా వినిపిస్తాయి. దాతల ఫోటోలతో ఫ్లెక్సీ, యూత్ అసోసియేషన్ రంగుల్లో చొక్కాలు, బయటి జట్లకు ఊళ్ళోని ఇళ్ళలో భోజనాలు. వ్యాఖ్యాత ఎవరో గాని, అతను ఆడేవాడిని ఆటపట్టించే తీరు చూడటానికే కొందరు వస్తారు. మార్కెటింగ్ కంపెనీలు లక్షలు తీసుకుని చెప్పే సలహాల్లో చాలా భాగం అక్కడ ఊరికే అమలవుతూ ఉంటుంది.

కాబట్టి నా చేతిలో ఒక చిన్న జట్టు, చిన్న బడ్జెట్ ఉంటే డబ్బు ఎక్కువగా ఈ పోటీల మీదే పెడతాను. లీగు ఏ ఊళ్ళో జరిగినా సరే, సీజన్‌కు ముందు సన్నాహక శిబిరం మాత్రం విశాఖలోనో వరంగల్‌లోనో నడిపి, సాయంత్రపు సాధన మ్యాచ్‌లకు తలుపులు తెరిచి ఉంచుతాను. జట్టు రంగులు, గుర్తు ఊళ్ళోని చొక్కాల ముద్రణ దుకాణాలకు ఉచితంగా ఇచ్చేస్తాను; నాలుగంకెల ధర పెట్టిన అసలు జెర్సీ పల్లెలో ఎవరూ కొనరు, అదే రంగుల్లో తమ ఊరి పేరుతో ఉన్న చొక్కా అయితే జట్టంతా వేసుకుంటుంది. సంక్రాంతి పోటీల్లో బాగా ఆడిన ఇద్దరు ముగ్గురిని శిబిరానికి పిలిచి, వారిలో ఒకరికి కనీసం బెంచీ మీదైనా చోటు కల్పిస్తాను. ఆ కుర్రవాడు టీవీలో ఒక్క నిమిషం కనిపించినా అతని మండలమంతా చూస్తుంది. వ్యాఖ్యానానికి కూడా స్టూడియో గొంతుల పక్కన ఆ పల్లె మైకు వ్యాఖ్యాతను ఒకరిని కూర్చోబెట్టి చూడాలని ఉంది. 2018 నుంచి స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ ఉంది కాబట్టి అది చేయలేని పనేమీ కాదు.

ఇందులో అన్నిటికంటే కష్టమైనది ఆటగాణ్ణి నిలుపుకోవడం. వేలం నియమాలు లీగు చేతిలో ఉంటాయి, జట్టు చేతిలో ఉండవు. ఒక్క ఆటగాణ్ణి అయినా అయిదేళ్ళపాటు అదే జట్టులో ఉంచే వెసులుబాటు కోసం యజమానులు లీగుతో గట్టిగా పోట్లాడితే, సినీతారకు ఇచ్చే పారితోషికంలో కొంత భాగం అటు మళ్ళించినా నష్టం లేదనుకుంటాను.