ప్రహ్లాదుడికీ ఒక భయం ఉంది

స్తంభం చీలడం, హిరణ్యకశిపుడు హతుడు కావడం వరకు ఊపిరి బిగబట్టి వింటాం. ఆ తర్వాతి ఘట్టం దగ్గర మాత్రం హారతి పళ్లెం కోసం చూస్తాం. నాకు భాగవతమంతటిలో ప్రాణమైన చోటు అదే: సప్తమ స్కంధం, తొమ్మిదో అధ్యాయం.

శత్రువు పోయినా నరసింహస్వామి కోపం చల్లారలేదు. బ్రహ్మరుద్రాదులకే దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు. లక్ష్మీదేవిని పంపితే, ముందెన్నడూ చూడని ఆ రూపానికి అమ్మవారే జంకింది. చివరికి బ్రహ్మ ఆ పసివాణ్ణి పంపాడు. వాడు మెల్లగా వెళ్లి సాగిలపడ్డాడు. స్వామి వాణ్ణి లేవనెత్తి తలమీద చెయ్యి పెట్టాడు. సింహాచలంలో స్వామి ఉగ్రతను చల్లార్చడానికే దాదాపు ఏడాది పొడవునా చందనం పూతలో ఉంచుతారని చెబుతారు. ఆ చందనం పని ఇక్కడ ఒక పిల్లవాడు చేశాడు!

అప్పుడు వాడేమన్నాడు? కోరలు, గోళ్లు, నెత్తురోడే జూలు, మెడలో పేగుల దండ అన్నీ పేరుపేరునా చెప్పి, 'నరసింహాకృతిఁ జూచి నే వెఱవ', అంటే భయపడను, అన్నాడని పోతన. అక్కడితో ఆగలేదు. సంసారమనే కార్చిచ్చుకు మాత్రం వెరుస్తానన్నాడు. నీ పాదాల దగ్గర చోటిమ్మన్నాడు. విషానికీ ఏనుగులకూ బెదరని బిడ్డ, దేవుడి ఎదుట నిలబడి నాకు భయమేస్తోంది అంటున్నాడు. నమ్మినవాడికి భయం ఉండకూడదని మనకెవరు చెప్పారో గాని, ప్రహ్లాదుడు చెప్పలేదు. ఎవరి ముందు చెప్పుకోవాలో వాడికి తెలుసు, అంతే.

మనమో, నరసింహ జయంతి వస్తే 'ఈ శ్లోకం పదిమందికి పంపండి, పంపకపోతే కీడు' అని ఫోన్లలో తోసేస్తాం. అభయమిచ్చే స్వామి పేరు చెప్పి భయాన్ని పంచడం ఏం భక్తి? ఆ తొమ్మిదో అధ్యాయం ఒక్కసారి తెరిచినవాడు అలాంటి సందేశం పంపగలడా?

అదే స్తుతిలో ఇంకాస్త ముందుకు వెళ్లండి. నీ గుణగానంలో మునిగిన నాకు వైతరణి అంటే దిగులు లేదు, నీకు విముఖులైన ఈ మూఢుల గురించే నా దుఃఖం అంటాడు. మునులు తమ ముక్తి కోసం ఏకాంతానికి పోతారు, ఈ దీనులను వదిలి నేనొక్కణ్ణే తరించను అంటాడు. తనకోసం వణికిన గొంతేనా ఇది? వరం కోరుకోమంటే, తనను చంపబోయిన తండ్రి పాపం పోవాలని అడిగాడు.

మా అమ్మకు శస్త్రచికిత్స జరుగుతున్నప్పుడు ఆ శ్లోకాలే వల్లించాను. చేతుల వణుకు తగ్గలేదు. పక్కన ఒక పెద్దాయన రక్తం కోసం ఎవరిని అడగాలో తెలియక కూర్చుని ఉన్నాడు. ఆయనతో కలిసి మెట్లు దిగాను. వెనక్కి వచ్చేసరికి అమ్మను బయటికి తెచ్చారు.

ఈసారి వైశాఖ శుద్ధ చతుర్దశి సాయంత్రం పానకం నివేదించాక ఆ అధ్యాయం చదవండి, పిల్లల చేత పైకి చదివించండి. మీ భయాలన్నీ స్వామికి దాచకుండా చెప్పుకోండి. పానకం మిగిలితే, ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న ఇల్లు మీ వీధిలో ఏదో కనుక్కుని తీసుకువెళ్లండి.