నీళ్లు తాగిన మోటార్లు

మా అమ్మాయి న్యూ ఆర్లీన్స్‌లో చదువుతోంది. నేనొచ్చి నెలన్నర అయింది. పొద్దున్నే తను కాలేజీకి వెళ్లగానే నేను సెయింట్ చార్లెస్ అవెన్యూలో ట్రామ్ ఎక్కేస్తున్నాను. ఇక్కడ స్ట్రీట్‌కార్ అంటారు. టికెట్టు డాలరూ పాతిక సెంట్లు.

బస్సు డిపో గ్యారేజీలో ముప్ఫై ఒక్కేళ్లు మెకానిక్‌గా చేశాను. అందుకే బయట ఎంత పెద్ద ఓక్ చెట్లున్నా, ఎంత అందమైన బంగళాలున్నా నా చెవి మాత్రం కింద మోటారు మీదే ఉంటుంది. ఈ ఆకుపచ్చ బండ్లు 1923-24లో నార్త్ కరోలినాలో పెర్లీ థామస్ కంపెనీలో తయారయ్యాయి. చెక్క సీట్లు, ఏసీ లేదు, గాలి కావాలంటే కిటికీ ఎత్తుకోవాలి. లైను చివర బండిని తిప్పరు. సీట్ల వీపులు ఇటునుంచి అటు తోస్తారు. డ్రైవరు తీగకు ఆనే కడ్డీ ఒకటి దించి, రెండో కొసన ఉన్నది ఎత్తి, వచ్చిన దారినే వెనక్కి నడుపుతాడు. రోజూ చూస్తున్నా అది మాత్రం లేచి నిలబడి చూస్తాను.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చింది. కాలువల గోడలు తెగి ఊళ్లో ఎనభై శాతం మునిగింది. కెనాల్ స్ట్రీట్‌లో 1964లో తీసేసిన ట్రామ్ లైనును అప్పటికి ఏడాది ముందే, 2004 ఏప్రిల్‌లో, తిరిగి మొదలుపెట్టారు. దానికోసం 24 ఎరుపు బండ్లను ఇక్కడి షాపు పనివాళ్లే తమ చేతులతో కట్టుకున్నారు. రూపం పాతది, లోపల ఏసీ, ఆధునిక కంట్రోళ్లు. నది ఒడ్డు లైనువి ఇంకో ఏడున్నాయి. ఈ ముప్ఫై ఒక్క ఎరుపు బండ్లలో ముప్ఫై నీళ్లలో ఉండిపోయాయి. షెడ్డులో అయిదడుగులకు పైగా నీళ్లు.

ఇది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో మా డిపో షెడ్డు రేకులు లేచిపోయి, బస్సులు నీళ్లలో నిలబడ్డాయి. ఆయిల్ డ్రెయిన్ చేస్తే పాలు కలిపిన టీలా కారింది. అయినా డీజిల్ ఇంజన్‌ని విప్పి, కడిగి, మళ్లీ బిగించి నడిపించొచ్చు. కరెంటు మోటారు అలా కాదు. వైండింగ్‌లోకి ఉప్పు నీరు దిగితే పైకి ఆరినట్టే ఉంటుంది, కరెంటు ఇవ్వగానే షార్టవుతుంది. సొంత చేతులతో కట్టిన బండ్లను ఆ షెడ్డులో మళ్లీ చూసినవాళ్ల మొహాలు నాకు కళ్లకు కట్టినట్టున్నాయి.

ఆకుపచ్చవి బతికాయి. అవి విల్లో స్ట్రీట్ షెడ్డులో ఉన్నాయి. మిసిసిపీ ఒండ్రు పేరుకుని నది దగ్గర నేల ఎత్తుగా ఉంటుంది, నీళ్లు అక్కడిదాకా రాలేదు. కానీ వాటి సొంత దారిలో తీగలు తెగిపోయి, కరెంటు సబ్‌స్టేషన్లు పాడైపోయాయి. పట్టాల వెడల్పు ఒకటే, కరెంటూ ఒకటే కాబట్టి, 2005 డిసెంబరులో వాటినే కెనాల్ స్ట్రీట్ మీదికి తెచ్చారు. ఎనభై ఏళ్ల బండ్లు కొత్త బండ్ల డ్యూటీ చేశాయి! మా డిపోలో అయితే ఆ వయసు బండిని ఎప్పుడో తుక్కుకు వేసేవాళ్లం.

సెయింట్ చార్లెస్ లైను ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. 2006 డిసెంబరులో కొద్ది దూరం, 2007 నవంబరులో నెపోలియన్ అవెన్యూ దాకా, చివరికి క్లెయిబోర్న్ దాకా మొత్తం 2008 జూన్‌లో. ఎరుపు బండ్లకు మూడేళ్లకు పైగా పట్టింది. బాడీలను ఇక్కడి షాపులోనే బాగుచేశారు, చక్రాల సెట్లు మాత్రం పెన్సిల్వేనియాలోని బ్రూక్‌విల్ కంపెనీ నుంచి కొత్తవి వచ్చాయి. ఆలస్యమని అప్పుడు జనం విసుక్కునే ఉంటారు. తీగ నుంచి బేరింగ్ దాకా మార్చిన పనికి అది ఎక్కువ కాలమేమీ కాదనిపిస్తుంది నాకు.

ఒక్కటే బాధ. ఆకుపచ్చ బండ్ల మెట్లు బాగా ఎత్తు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ఎక్కే వీల్లేదు. నా మోకాళ్లకే రోజూ తెలుస్తోంది. పాతదాన్ని పాతగా ఉంచాలి, నిజమే. ఆ మెట్ల సంగతి మాత్రం ఏదో చెయ్యాలి.

నిన్న విల్లో స్ట్రీట్ షెడ్డు గేటు ముందు చాలాసేపు నిలబడ్డాను. లోపల పిట్‌లో ఎవరో లైటు పట్టుకుని పనిచేస్తున్నారు. గ్రీజు వాసన వచ్చింది, అచ్చం మా గ్యారేజీలో వచ్చినట్టే. ఆదివారం అమ్మాయికి సెలవు. ఇద్దరం కెనాల్ స్ట్రీట్‌లో ఎరుపు బండి ఎక్కి చివరిదాకా వెళ్తాం. దిగాక వంగి ఆ చక్రాల సెట్టు చూడాలి.