వెనక గది తలుపు

“మా ఇంట్లో ఎవరికీ జ్వరం లేదమ్మా” అని పక్కింటి మామ్మగారు గుమ్మంలోనే నిలబడి చెబుతుండగా వెనక గదిలోంచి మనవడి దగ్గు వినిపించింది. సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త ఆ దగ్గు విననట్టే ఉండి, పూలకుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోసి, “రేపు మళ్లీ వస్తాను మామ్మగారూ” అని వెళ్లిపోయింది.

నాకు 1897 నాటి పుణె గుర్తుకొచ్చింది. ప్లేగు రోగుల కోసం సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేసి, దొరికినవారిని ఆసుపత్రులకూ శిబిరాలకూ తరలిస్తుంటే, జనం రోగులనే కాదు, శవాలను కూడా దాచారు. జూన్ 22న ఆ సోదాలు నడిపించిన ప్లేగు కమిటీ అధ్యక్షుడు, బ్రిటిష్ అధికారి ర్యాండ్‌పై పుణె యువకులైన చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. అప్పటికి కొన్ని నెలల ముందే, జనవరిలో, బొంబాయిలో శాస్త్రవేత్త హాఫ్కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొదట తన ఒంటికే వేసుకుని చూశాడు.

జనం దాచడాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం నాకు సరిగా తోచదు. బూట్లు గడప దాటి వస్తుంటే ఎవరైనా తలుపు వేసుకుంటారు. (నాలుగే సెక్షన్లున్న ఆనాటి అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ దుమ్ము దులిపి వాడుకున్నాం, అది వేరే సంగతి.)

సాయంత్రం మామ్మగారే మా గుమ్మం దగ్గరికి వచ్చి, ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఉందా అని మెల్లగా అడిగారు.