11 నెలల అగ్రిమెంటు, 12 నెలల కాపురం

తిరుపతిలో ఇల్లు అద్దెకు తీసుకుంటే అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు. గడువు తీరాక ఎవరూ కొత్త కాగితం రాయించరు, నోటిమాట మీదే నడిచిపోతుంది. ఓనరుకూ అద్దెకున్నవాళ్లకూ దానివల్ల ఇబ్బందేమీ లేదు. కెనడాకు కామన్-లా పార్ట్‌నర్‌గా (అంటే పెళ్లి కాకుండా దంపతుల్లా కలిసి ఉంటున్నవారిగా) వెళ్లాలనుకునే జంటకు మాత్రం ఆ మిగిలిన ఒక్క నెలే ఫైలులో బొక్క అవుతుంది. కెనడా నిబంధన అడిగేది దాంపత్యం లాంటి బంధంలో కనీసం ఏడాదిపాటు ఎడతెగకుండా ఒకే ఇంట్లో ఉండటం. అప్లికేషన్ పెట్టే రోజుకే ఆ 12 నెలలు పూర్తయి ఉండాలి.

ఈ లెక్కలో చాలామంది తప్పుతారు. ఆయన బెంగళూరులో, ఆమె చిత్తూరులో ఉంటూ శని ఆదివారాలు కలిసి గడిపితే, ఆ రోజులన్నీ కూడినా ఏడాది కాదు. నాలుగేళ్ల వాట్సాప్ చాటింగ్ ప్రేమకు రుజువేమో గానీ కాపురానికి కాదు. సంక్రాంతికి ఊరెళ్లి వారం ఉండటం, ఆఫీసు పని మీద పది రోజులు చెన్నైలో ఉండటం లాంటివి తెగినట్టు కాదు, కాకపోతే ఫారంలో దాచకుండా రాయాలి. ఏడాది నిండాక ఒకరు చదువుకో ఉద్యోగానికో కెనడా వెళ్లిపోయినా, బంధం కొనసాగుతోందని చూపగలిగితే ఆ హోదా పోదు.

కాబట్టి మొదటి పని అగ్రిమెంటు. ఇద్దరి పేర్లూ అద్దెదారులుగా ఉండాలి, గడువు తీరే వారంలోనే రెండోది రాయించుకోవాలి. పాత తేదీ వేసి ఇప్పుడు రాయించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. స్టాంపు పేపరు ఏ రోజు, ఎవరి పేర కొన్నారో దాని మీదే ఉంటుంది. అగ్రిమెంటు తేదీ దాటాక స్టాంపు కొన్నట్టు ఉంటే, అది పట్టేయడానికి చూసేవాడికి నిమిషం పట్టదు. తప్పుడు కాగితం అని తేలితే ఈ ఒక్క ఫైలుతో పోదు, కెనడా చట్టం ప్రకారం 5 ఏళ్ల నిషేధం పడుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. పెళ్లికాని జంటకు మన దగ్గర ఇల్లు ఇవ్వడానికి ఓనర్లు జంకుతారు. దాంతో అగ్రిమెంటులో ఒక్కరి పేరే రాయిస్తారు, లేదా ‘భార్యాభర్తలు’ అని రాయించేస్తారు. మొదటిది సర్దుకోవచ్చు. రెండోవారు ఏ నెల నుంచి ఆ ఇంట్లో ఉంటున్నారో ఓనరు సంతకంతో ఉత్తరం తీసుకుని, అదే చిరునామాకు వచ్చిన ఆ మనిషి కాగితాలు జతచేస్తే నిలబడుతుంది. రెండోది ప్రమాదం. ఫారంలో కామన్-లా, అగ్రిమెంటులో భార్య, గ్యాస్ పుస్తకంలో ‘భర్త పేరు’ అని ఉంటే ఏది నిజమని అడుగుతారు. ఇప్పటికే అలా రాసి ఉంటే, ఎందుకు రాయాల్సి వచ్చిందో వివరణ ఉత్తరంలో ముందుగానే చెప్పేయండి.

గుళ్లో తాళి కట్టించుకుని, రిజిస్టర్ కాలేదు కాబట్టి కామన్-లా అనుకునేవాళ్లూ ఉన్నారు. హిందూ వివాహ చట్టం కింద పద్ధతి ప్రకారం తంతు జరిగితే రిజిస్ట్రేషన్ లేకపోయినా అది పెళ్లే. తలంబ్రాల ఫొటోలు పెట్టి పెళ్లి కాలేదనడం కుదరదు. పెళ్లికి అడ్డేమీ లేనివాళ్లు రిజిస్టర్ చేయించుకుని స్పౌజ్‌గా పెట్టుకోవడమే తేలిక అని నా అభిప్రాయం. స్పెషల్ మ్యారేజ్ చట్టం కిందైతే 30 రోజుల నోటీసు ఉంటుంది, అంతే. స్వలింగ జంటలకు ఇక్కడ ఆ దారి లేదు, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వాళ్లకు ఈ కామన్-లా దారే ముఖ్యం.

ఇక నెలనెలా పోగేయాల్సిన కాగితాలు. ఎస్పీడీసీఎల్ కరెంటు బిల్లు ఓనరు పేరనే వస్తుంది. సర్వీసు నంబరును అగ్రిమెంటులో రాయించి, ప్రతి నెలా మీ ఫోన్ నుంచే కట్టి రసీదు దాచండి, అప్పుడు ఆ బిల్లు మీదవుతుంది. ప్రీపెయిడ్ సిమ్‌కు చిరునామా ఉన్న బిల్లే రాదు. ఇద్దరిలో ఒకరైనా పోస్ట్‌పెయిడ్‌కు మారితే నెలకో కాగితం చేతికొస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ రెండోవారి పేర తీసుకోండి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఇన్‌వాయిస్‌లను తక్కువగా చూడొద్దు, పేరు, చిరునామా, తేదీ మూడూ అందులో ఉంటాయి. బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి పెళ్లి సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే ఖాతా తెరిచి వెయ్యి రూపాయలు వేసి వదిలేస్తే పనికిరాదు. అద్దె, పాలు, కిరాణా అందులోంచి పోతున్నట్టు కనబడాలి.

అన్నీ ఇద్దరి పేరనే ఉండాలని లేదు. ఆయన పేర ఒకటి, ఆమె పేర ఒకటి, ఒకే చిరునామాకు ప్రతి నెలా ఉంటే చాలు. 12 నెలలకు 12 గడులు గీసి ఏ గడి ఖాళీగా ఉందో చూసుకోండి. ఖాళీ గడులు సాధారణంగా మొదటి రెండు నెలల్లోనే ఉంటాయి, ఎందుకంటే అప్పటికి ఏ చిరునామా మార్చి ఉండరు.

చిరునామా విషయంలో మన దగ్గర ఇంకో మెలిక. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. అదే ఇంటికి ఒక కాగితంలో చిత్తూరు జిల్లా, ఇంకోదాంట్లో తిరుపతి జిల్లా అని ఉంటుంది. ఇక్కడి ఆఫీసుల్లో ఎవరూ పట్టించుకోరు గానీ, సముద్రాల అవతల కూర్చున్న ఆఫీసరుకు అవి రెండు ఇళ్లు. ఒక్క వాక్యం వివరణ సరిపోతుంది. ఆధార్‌లో ఇంకా అమ్మగారి ఊరి చిరునామా ఉంటే మార్చుకోండి. ఎప్పుడు మారిందో అప్‌డేట్ హిస్టరీలో తేదీతో కనిపిస్తుంది.

ఐఎంఎం 5409 అనేది కామన్-లా బంధం గురించి ఇద్దరూ ప్రమాణం చేసి సంతకం పెట్టే ఫారం. నోటరీ ఎదుట పెట్టాలి, ముందే పెట్టుకుని తీసుకెళ్లకూడదు. అందులో కాపురం మొదలైనట్టు రాసిన తేదీ, బంధం వివరాలు అడిగే ఐఎంఎం 5532 ఫారంలో రాసిన తేదీ, అగ్రిమెంటు తేదీ ఒకటే కావాలి. ఇంతకుముందు స్టడీ పర్మిట్‌లో, కెనడా ట్యాక్స్ రిటర్నులో ‘సింగిల్’ అని రాసి ఉంటే దాన్ని కూడా లెక్క చూసుకోండి. 12 నెలలు నిండాక అక్కడి పన్నుల శాఖకు కూడా మీరు కామన్-లానే, దానికి చెప్పకపోతే రెండు శాఖల దగ్గర రెండు మాటలుంటాయి.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్ కావాలి. ఆ అనువాదం మీరుగానీ మీ అన్న, పిన్ని, మేనకోడలుగానీ చేయకూడదు, వాళ్లు ఇంగ్లిష్ లెక్చరర్లయినా సరే. అమ్మానాన్నల, స్నేహితుల ఉత్తరాలు తోడుగా పనికొస్తాయి గానీ వాటి మీదే ఫైలు నిలబడదు. ‘వీళ్లు చాలా మంచివాళ్లు’ అన్న ఉత్తరం వల్ల ఒరిగేదేమీ లేదు, ఏ నెలలో ఆ ఇంటికి వచ్చి ఇద్దరినీ చూశారో రాయించండి. ఫొటోలు 20 మించకూడదు. అవన్నీ కొండ మీద ఒకే రోజు తీసినవి కాకుండా వేర్వేరు నెలల్లో, ఇంట్లో, మనుషుల మధ్య తీసినవి ఎంచుకోండి.

ఫైలు పంపాక కూడా బిల్లులు దాచడం ఆపొద్దు. నెలల తర్వాత తాజా రుజువులు అడగవచ్చు. అప్పటికి ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ ఉంటే విమాన టికెట్లు, పంపిన డబ్బు రసీదులు, కాల్ రికార్డులే చూపించాల్సి వస్తుంది.