ఎన్ని రొట్టెలున్నవి?

కానుకల సంచి బల్ల మీద బోర్లించి లెక్కపెడితే 3,840 రూపాయలు తేలాయి. ఎల్లుండి మొదలయ్యే వేసవి బైబిలు బడికి పేర్లిచ్చిన పిల్లలు 70 మంది. సంఘ పెద్దలమందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఈ ఏడాదికి మానేద్దామండీ అన్నది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేనే.

మా పాస్టరు అయ్యగారు వాదించలేదు. మార్కు సువార్త 6వ అధ్యాయం తీసి, ఐదువేల మంది ఆకలితో ఉన్నప్పుడు ప్రభువు శిష్యులను అడిగినది ‘మీయొద్ద ఎన్ని రొట్టెలున్నవి?’ అనేనని, రొట్టె విరవకముందే జనాన్ని పచ్చిక మీద నూరేసి మంది, ఏబదేసి మంది చొప్పున పంక్తులుగా కూర్చుండబెట్టించాడని చూపించారు. ఇన్నేళ్లుగా ఆ భాగంలో నాకు ఐదు రొట్టెలు, రెండు చేపలతో అందరి కడుపూ నిండిన అద్భుతమే కనిపించింది గాని, దానికి ముందు జరిగిన ఈ లెక్క, ఈ వరుస ఏనాడూ కంటబడలేదు.

మేమూ లేచి వెళ్లి చూశాం. నిరుటి రంగు కాగితాలు బీరువాలో సగం కట్ట అలాగే ఉన్నాయి. స్త్రీల సమాజం అక్క ఒకరు రోజూ మూడు కిలోల శనగలు ఉడికించి తెస్తానన్నారు. పిల్లలను ఏడు జట్లుగా విడదీస్తే, ఉన్న చాపలే సరిపోతాయని తేలింది.

టీషర్టులు మాత్రం ఈసారి లేవు. వాటి గురించి మా అబ్బాయి ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.